వృథా చెత్తబుట్టలో మొదలు కాదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏటా సెప్టెంబర్ 29ని ఆహార నష్టం, వృథాలపై అవగాహన దినంగా పాటిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈ తేదీని ప్రకటించింది. 2020 నుంచి పాటించడం మొదలైంది. ఈ సందర్భంగా పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువభాగం ‘పాడైపోయింది, ఇప్పుడేం చేయాలి?’ అన్నవే. మా జవాబులు మాత్రం చాలావరకు అంతకు రెండు మూడు రోజుల వెనక్కి వెళతాయి. పదార్థం చెత్తబుట్టలో పడింది ఈ రోజే కావచ్చు. దానికి దారితీసిన పొరపాటు మాత్రం కొన్న రోజునో, వండిన పూటనో, ఫ్రిజ్‌లో సర్దినప్పుడో జరిగిపోయి ఉంటుంది. దిద్దుకోవాల్సింది అక్కడే.

ప్రశ్న: ఒక అవగాహన సభలో మాట్లాడాలి. కొందరు ‘ఆహార నష్టం’ అని రాస్తున్నారు, కొందరు ‘ఆహార వృథా’ అంటున్నారు. రెండూ ఒకటేనా? ఒకచోట మూడో వంతు పోతోందని, ఇంకోచోట అయిదో వంతు అని ఉంది. ఏ లెక్క చెప్పమంటారు?

జవాబు: రెండూ ఒకటి కాదండి. కోత కోసినప్పటి నుంచి దుకాణానికి చేరేలోపు పోయేది ‘నష్టం’. పొలంలో, కళ్లంలో, గోదాములో, లారీలో పోయేదంతా దీని కిందికి వస్తుంది. దుకాణంలో, హోటల్లో, ఇంట్లో పోయేది ‘వృథా’. నష్టానికి ఎక్కువగా సౌకర్యాల లేమి కారణం. వృథాకు ఎక్కువగా మన అలవాట్లు కారణం. అందుకే రెండింటికీ ఒకే సలహా పనికిరాదు.

లెక్కల విషయానికొస్తే, ‘మూడో వంతు’ అన్నది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో రెండింటినీ కలిపి వేసిన అంచనా. ఆ తర్వాత లెక్కలు విడదీశారు. కోత తర్వాత, దుకాణానికి చేరేలోపు పోయేది సుమారు 13 శాతం. ఆ తర్వాతి దశపై ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 2022లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. ఇందులో ఇళ్ల వాటా 60 శాతం, హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాలది 12 శాతం.

సభలో రెండు జాగ్రత్తలు తీసుకోండి. 13నీ 19నీ కూడి ‘32 శాతం’ అని చెప్పకండి. మొదటిది పండినదాంట్లో శాతం, రెండోది వినియోగదారుల దాకా వచ్చినదాంట్లో శాతం. మూలం వేరైన శాతాలను కలపకూడదు. రెండోది, ఆ 105 కోట్ల టన్నుల్లో తొక్కలు, ఎముకలు, పెంకుల వంటి తినలేని భాగాలూ ఉన్నాయి. ఆ మాట దాచకుండా చెప్పండి. దాచి చెప్పిన అంకెను శ్రోతల్లో ఒకరు పట్టుకుంటే మిగతా ప్రసంగం కూడా నమ్మరు.

ప్రశ్న: మా ఇంట్లో పెద్దగా ఏమీ పారేయం అనుకుంటున్నాం. నిజమో కాదో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది, తూకం. దాదాపు అన్ని ఇళ్లలోనూ ఇదే మాట వినిపిస్తుంది. అబద్ధమాడి కాదు. గుప్పెడు అన్నం, అర గ్లాసు పాలు, వడలిన నాలుగు ఆకులు ఎవరికీ గుర్తుండవు. పైన చెప్పిన నివేదిక లెక్కలో ఇళ్లలోని వృథా ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. వారానికి చూస్తే కిలోన్నర. ముందు మీ సంఖ్య ఎంతో తేల్చుకోండి.

మూతలున్న రెండు డబ్బాలు, వంటింటి కాటా, గోడకు ఒక కాగితం చాలు. ఖాళీ డబ్బాల బరువు ముందే రాసిపెట్టుకోండి. ఒక డబ్బాలో తొక్కలు, ఎముకలు, గుడ్డు పెంకులు వేయండి. రెండో డబ్బాలో, ఒకప్పుడు తినదగ్గదై ఉండి ఇప్పుడు పారేస్తున్నవి మాత్రమే వేయండి. ఏడు రోజులు ఇలా చేయండి. రెండో డబ్బాలో వేసే ప్రతిసారీ కాగితం మీద మూడు మాటలు రాయాలి: ఏమిటి, ఎన్ని గ్రాములు, ఎందుకు. ‘ఎందుకు’కి అయిదు కారణాలు సరిపోతాయి. ఎక్కువ కొన్నాం, ఎక్కువ వండాం, దాచడం తప్పింది, ఉందని మరిచిపోయాం, పళ్లెంలో వదిలేశాం. సింకులో పారబోసే పాలు, సూపు కొలపాత్రలో కొలిచి రాయండి. ఇళ్ల లెక్కల్లో జారిపోయేవి ఎక్కువగా ఈ ద్రవాలే.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, వారమంతా పోగుచేసి చివర్లో ఒకేసారి తూచేవాళ్లకు బరువు తక్కువ వస్తుంది. తడి ఆరిపోతుంది కదా. అతిథులు వచ్చిన వారం లెక్క మామూలు వారానికి పనికిరాదు. కొలుస్తున్నామన్న స్పృహతో ఆ వారం అందరూ కాస్త జాగ్రత్తగా ఉంటారు కాబట్టి, వచ్చిన సంఖ్య నిజం కన్నా కొంచెం తక్కువేనని అనుకోండి.

ఏడో రోజున కాగితం చూడండి. మొత్తం బరువులో పెద్ద భాగం సాధారణంగా రెండు మూడు పదార్థాలదే అయి ఉంటుంది. ఇల్లంతా మార్చేయాలని చూడకండి. ఆ రెండు మూడింటి సంగతి పట్టించుకోండి. అన్నం మిగులుతోందా? బియ్యం చేత్తో పోయడం మాని ఒకే కప్పుతో కొలవండి. పెద్దవాళ్లకు ఒక పూటకు మనిషికి 75 గ్రాముల బియ్యంతో మొదలుపెట్టి, మీ ఇంటి ఆకలినిబట్టి పెంచండి, తగ్గించండి. ఉడికాక బియ్యం బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. పొయ్యి మీద పెట్టేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువ పోస్తే, మిగిలేది మూడు గుప్పెళ్లు. ‘మరిచిపోయాం’ అన్నది ఎక్కువసార్లు కనిపిస్తే ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉండే అరలో ఒక ట్రే పెట్టి, ముందు తినాల్సినవన్నీ అందులోకి చేర్చండి. వండేముందు మొదట ఆ ట్రే చూడాలి. ఆరు వారాల తర్వాత మళ్లీ ఏడు రోజులు తూచండి.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెట్టినా ఆకుకూరలు మూడో రోజుకే కుళ్లుతున్నాయి. కీరా మెత్తబడుతోంది, బంగాళాదుంపలు తియ్యగా అవుతున్నాయి. ఫ్రిజ్ పాడైందా?

జవాబు: ఫ్రిజ్ కన్నా సర్దడంలోనే లోపం ఉండొచ్చు. అయినా ముందు ఫ్రిజ్‌నే పరీక్షించండి. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటరు ఉంచి, మధ్య అరలో రాత్రంతా వదిలేయండి. పొద్దున 5 డిగ్రీల సెల్సియస్ లోపు చూపించాలి. అంతకన్నా ఎక్కువైతే తలుపు రబ్బరు చూడండి. తలుపుకీ చట్రానికీ మధ్య కాగితం పెట్టి మూసి లాగితే, అది తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం బయటికి పోతోందని అర్థం. లోపల కిక్కిరిసి సర్దినా గాలి తిరగదు. ఒక మూల గడ్డకడుతుంది, ఇంకో మూల వెచ్చగా ఉంటుంది.

ఇక ఆకుకూరలు. వాటికి రెండు శత్రువులున్నాయి, తడి ఆరిపోవడం ఒకటి, ఆకు మీద నీళ్లు నిలవడం రెండోది. విప్పి పడేస్తే వడలిపోతాయి. తడిగా ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే కుళ్లుతాయి. తెచ్చిన రోజే కట్ట విప్పి, నలిగిన, పసుపెక్కిన ఆకులు ఏరేయండి. ఒక్క కుళ్లిన ఆకు మిగతావాటికి అంటిస్తుంది. కడగకుండా, లేదా కడిగితే పూర్తిగా ఆరబెట్టి, పొడి గుడ్డలో గానీ కాగితంలో గానీ వదులుగా చుట్టి, మూత డబ్బాలో పెట్టి కింది సొరుగులో ఉంచండి. గుడ్డ తడిస్తే మార్చండి. సొరుగుకి తేమ మీట ఉంటే, ఆకుకూరలున్న సొరుగులో మీటను ఎక్కువ తేమ వైపు పెట్టండి.

కంటికి కనపడని కారణం ఇంకొకటి ఉంది. యాపిల్, అరటి, మామిడి, టమాటా పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును విడుస్తాయి. పక్కన ఆకుకూరలుంటే పసుపెక్కుతాయి, కీరా మెత్తబడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. పండ్లు, కూరగాయలు ఒకే సొరుగులో కలిపి వేయడం వల్ల జరిగే నష్టమిది. రెండు సొరుగులుంటే ఒకటి పండ్లకు, ఒకటి ఆకులకు కేటాయించండి. కాయను త్వరగా పండించాలనుకుంటే మాత్రం ఇదే గుణాన్ని వాడుకోవచ్చు. పచ్చి కాయను అరటిపండుతో కలిపి కాగితం సంచిలో ఉంచండి.

అన్నిటికీ చలి పడదు. కీరా, వంకాయ, టమాటా, అరటి, చిలగడదుంప సుమారు 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో రోజుల తరబడి ఉంటే లోపలి కణాలు దెబ్బతింటాయి. కీరాపై నీరు నిండిన గుంటలు, అరటి తొక్కపై నలుపు, టమాటాలో రుచి పోవడం ఆ దెబ్బ వల్లే. వీటిని బయట నీడలో, గాలి తగిలేచోట ఉంచండి. బాగా పండిన టమాటాను మాత్రం రెండు మూడు రోజులు ఆపడానికి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. బంగాళాదుంప ఫ్రిజ్‌లో పెడితే అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. వేయిస్తే త్వరగా నల్లబడుతుంది, అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా ఎక్కువ తయారవుతుంది. దాన్ని చీకటిగా, చల్లగా, గాలి ఆడేచోట ఉంచాలి. వెలుతురు తగిలితే ఆకుపచ్చబడి సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఉల్లిపాయలను దాని పక్కన పెట్టకండి. దుంపల తేమకు అవి మొలకెత్తుతాయి, కుళ్లుతాయి.

పాలు తలుపులో పెట్టే అలవాటుంటే అదీ మార్చుకోండి. తలుపు తీసిన ప్రతిసారీ మొదట వెచ్చబడేది అక్కడే. అక్కడ సాసులు, జాములు ఉంచండి, పాలను లోపలి అరకు జరపండి.

ప్రశ్న: ప్యాకెట్ మీద తేదీ దాటిన మర్నాడే మా అత్తగారు పారేయమంటారు. నాకు మనసొప్పదు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆ తేదీ పక్కన ఏ మాట రాసి ఉందో చూడండి. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తేదీ దాకా రుచి, కరకర, వాసన తయారీదారు చెప్పినట్టుగా ఉంటాయని భరోసా. బిస్కెట్లు, పాస్తా, పిండి, టీ పొడి వంటివి తేదీ దాటినా, ప్యాకెట్ చెక్కుచెదరకుండా, పొడిగా ఉంటే చూసి, వాసన చూసి, రుచి చూసి వాడుకోవచ్చు. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అంటే భద్రతకు సంబంధించిన గడువు. పచ్చి మాంసం, చేప, తినడానికి సిద్ధంగా ఉన్న చల్లని పదార్థాల విషయంలో ఆ తేదీ దాటితే తినకూడదు. వాసన బాగున్నా సరే. జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటికి వాసన ఉండదు. గడువు లోపే ఫ్రీజర్‌లో పెడితే ఆ తేదీ దగ్గర ఆగిపోయినట్టే.

కాబట్టి యూజ్ బై విషయంలో మీ అత్తగారి మాట సరైనది, బెస్ట్ బిఫోర్ విషయంలో మీది. ఒక సంగతి ఇద్దరూ గుర్తుంచుకోవాలి. ఏ తేదీ అయినా సీలు తెరవని, చెప్పిన చలిలో ఉంచిన ప్యాకెట్‌కే వర్తిస్తుంది. తెరిచాక ‘ఇన్ని రోజుల్లో వాడండి’ అన్న చిన్న అక్షరాల వాక్యమే అసలు గడువు. తెరిచిన రోజు మూత మీద పెన్నుతో రాసిపెట్టండి.

ప్రశ్న: మిగిలిన అన్నం, కూరలు మర్నాడు తినొచ్చా? వేడిగా ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందని చల్లారేదాకా రాత్రంతా బయటే ఉంచుతున్నాం.

జవాబు: తినొచ్చు. కానీ రాత్రంతా బయట ఉంచినది కాదు. మంచి ఉద్దేశంతో చేస్తున్న ఈ పనే ప్రమాదకరం.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అనువైన వెచ్చదనంలో కొన్ని రకాలు ప్రతి 20 నిమిషాలకూ రెట్టింపవుతాయి. అందుకే వండినది రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. ఎండ మండే రోజుల్లో, 32 డిగ్రీలు దాటితే, గంటే. అన్నానికి ఇంకా జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (దాని నిద్రాణ రూపాలు) ఉడికించినా చావవు. వెచ్చగా వదిలేసిన అన్నంలో అవి మేలుకుని, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ‘బాగా వేడి చేశాం కదా’ అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

మరి ఎలా చల్లార్చాలి? తినడం మొదలుపెట్టకముందే, మిగులుతుందని తెలిసిన భాగాన్ని పక్కకు తీయండి. వెడల్పాటి పళ్లెంలో గానీ ట్రేలో గానీ 5 సెంటీమీటర్ల లోపు మందంలో పరచండి. లోతైన గిన్నెలో అలాగే ఉంచితే పైన చల్లగా తగులుతుంది, నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. సూపులు, కూరలైతే గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచి కలుపుతూ ఉండండి. అన్నాన్ని గంటలోపు, మిగతావాటిని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. పలచగా పరిచినది కాస్త వెచ్చగా ఉన్నా పరవాలేదు, ఫ్రిజ్ తట్టుకుంటుంది. ఇబ్బందల్లా పొగలు కక్కే పెద్ద గిన్నెను అలాగే పెట్టడంతోనే. అది పక్కనున్నవాటినీ వెచ్చబరుస్తుంది.

అన్నం ఒక రోజులో, కూరలు మూడు రోజుల్లో ముగించండి. అంతకన్నా ఆలస్యమవుతుందనిపిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర, ఒక్క పూటకు సరిపడే పొట్లాలుగా పెట్టండి. మూడో రోజున ‘ఇక తినం’ అని తేలాక ఫ్రీజర్‌లో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఫ్రీజర్ సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుంది గానీ అప్పటికే పెరిగినవాటిని తుడిచేయదు. వేడి చేసేటప్పుడు తినేంత మాత్రమే తీసి, నడిమధ్య 75 డిగ్రీలు చేరేదాకా, అంటే అంతటా పొగలొచ్చేదాకా వేడి చేయండి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఒకసారి కలపాలి. ఒకసారి వేడి చేసినది మళ్లీ దాచకండి.

ప్రశ్న: బూజు పట్టినచోట కోసేసి మిగతాది తినొచ్చా?

జవాబు: గట్టిగా, తేమ తక్కువగా ఉండేవాటిలో తినొచ్చు. గట్టి చీజ్, క్యారెట్, క్యాబేజీ వంటివాటిలో బూజు చుట్టూ, కిందా రెండున్నర సెంటీమీటర్ల మేర కోసేయండి. కత్తి బూజుకు తగలకూడదు. బ్రెడ్, జామ్, పెరుగు, మెత్తటి పండ్లు, వండిన పదార్థాలైతే మొత్తం తీసేయాల్సిందే. మెత్తటివాటిలో బూజు పోగులు కంటికి కనపడకుండా లోపలికి పాకుతాయి. వేరుశనగ, మొక్కజొన్న, ధాన్యాల్లో బూజు కనిపిస్తే వాటిని వేయించి వాడుదామని చూడకండి. అఫ్లాటాక్సిన్ అనే విషం వంటింటి వేడికి పోదు. ఇక్కడ పొదుపు కన్నా ప్రాణం ముఖ్యం. పశువులకూ పెట్టకండి.

ప్రశ్న: మాది మూడు వందల మంది విద్యార్థుల హాస్టల్. పూటపూటా బకెట్ల కొద్దీ పారేస్తున్నాం. ‘ఆహారాన్ని గౌరవించండి’ అని బోర్డులు పెట్టాం, జరిమానా కూడా వేశాం. ఫలితం లేదు.

జవాబు: మీ బకెట్లలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. అందువల్ల తప్పు ఎవరిదో తెలియక భారమంతా పిల్లల మీద పడుతోంది. ముందు మూడు వేర్వేరు డ్రమ్ములు పెట్టండి. ఒకటి వంటింటి తయారీలో పోయేదానికి, ఒకటి వండి వడ్డించకుండా మిగిలినదానికి, ఒకటి పళ్లాల్లోంచి వచ్చే ఎంగిలికి. అయిదు నుంచి ఏడు రోజులు ప్రతి పూటా మూడింటినీ విడివిడిగా తూచి, తిన్నవాళ్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు ఎంగిలి డ్రమ్ము 24 కిలోలు, తిన్నవారు 300 మంది అయితే మనిషికి 80 గ్రాములు. ఆ పూట వంటకం పేరూ పక్కనే రాయండి. ఎంగిలి డ్రమ్ములో చేతులు కడిగిన నీళ్లు, కాగితాలు, పండ్ల తొక్కలు పడకుండా చూడండి. నీళ్లు కలిస్తే తూకానికి అర్థం ఉండదు.

వడ్డించకుండా మిగిలినదే ఎక్కువైతే తప్పు అంచనాది. ఎంతమంది ఊరెళ్లారో, ఎవరికి పరీక్షలున్నాయో ముందు పూటే వంటింటికి తెలియాలి. మొత్తం ఒకేసారి వండకండి. 70 శాతం వండి వడ్డన మొదలుపెట్టి, మిగతాదానికి కోసిన కూరలు, కడిగిన బియ్యం సిద్ధంగా ఉంచుకుని, వరుస చూసి పొయ్యి మీద పెట్టండి. చివరి అరగంటలో పెద్ద గంగాళాన్ని మళ్లీ నింపకండి, చిన్న గిన్నెలోకి మార్చండి. గిన్నె నిండుగా కనిపించాలన్న పట్టుదలతోనే చివర్లో ఎంతో మిగిలిపోతుంది.

ఎంగిలి ఎక్కువైతే, డ్రమ్ము పక్కన ఒకరు నిలబడి యాభై మందిని ఒకే ప్రశ్న అడగండి, కోపం లేకుండా: ‘ఇది ఎందుకు మిగిలింది?’ జవాబుల్లో సాధారణంగా వినిపించేవి ఇవి. ఎక్కువ వడ్డించారు. రుచిగా లేదు. టైం లేదు. రెండోసారి దొరకదేమోనని మొదటే ఎక్కువ తీసుకున్నాను. ఈ చివరి భయం చాలాచోట్ల ఎంగిలికి పెద్ద కారణం. చివరివాళ్లదాకా రెండోసారి దొరుకుతుందని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటే వారం పది రోజుల్లో మొదటి వడ్డన తగ్గుతుంది. గరిటె చిన్నది చేయండి. ‘సగం’ అంటే సగమే వేయమని వడ్డించేవాళ్లకు చెప్పండి. పెద్ద ట్రేలు తీసేసి పళ్లాలే ఇస్తే చేతుల్లో పట్టినంతే తీసుకుంటారు. కూర్చున్నాక తినడానికి కనీసం 20 నిమిషాలు దొరకాలి. వరుసలో గడిచే సమయం అందులోకి రాదు. చిన్నపిల్లలున్న బడులైతే ఆటల విరామం భోజనానికి ముందు పెట్టి చూడండి. ఆట కోసం పళ్లెం వదిలి పరుగెత్తడం తగ్గుతుంది.

ఏదైనా వంటకం వరుసగా మూడుసార్లు ఎక్కువ మిగిలితే, వంట మార్చాలి. పిల్లలను కాదు. జరిమానా ఆపేయండి. దాని వల్ల దాచిపెట్టి పారేయడం, ఇష్టం లేకున్నా బలవంతాన మింగడం పెరుగుతాయి. రెండూ మీకు కావాల్సినవి కావు. దాని బదులు బోర్డు మీద నిన్నటి సంఖ్య రాయండి: ‘మనిషికి ఇన్ని గ్రాములు’.

తయారీ డ్రమ్ము బరువెక్కువగా ఉంటే మొండికత్తులు, మందంగా తీసే తొక్కలు చూడండి. పది కిలోల బంగాళాదుంపలు ఒలిచి తొక్కలు తూస్తే ఎవరి చేతిలో ఎంత పోతోందో తెలిసిపోతుంది.

ప్రశ్న: నిల్వచేసిన ధాన్యానికి ముక్కు పురుగు పడుతోంది, కొన్ని బస్తాలు ముక్కవాసన వస్తున్నాయి. మందులు వాడకుండా ఆపలేమా?

జవాబు: ముక్కవాసనకు తేమ కారణం, పురుగుకు గాలి ఆధారం. తేమ నుంచి మొదలుపెట్టాలి. ధాన్యంలో తేమ 12–13 శాతానికి దిగాకే నిల్వచేయాలి. మీటరు లేకుంటే ఉప్పు పరీక్ష చేయండి. పూర్తిగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు దాకా ధాన్యం పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషం ఊపండి. పావుగంట అలా ఉంచండి. ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, ఇంకా ఆరబెట్టాలి. ఉప్పుకు తేమ ఉంటే పరీక్ష తప్పవుతుంది. ముందుగా దాన్ని ఎండబెట్టుకోండి.

నేల మీద కాక పట్టా మీద, మూడు నాలుగు సెంటీమీటర్ల మందంలో పరిచి, గంటకోసారి తిరగేయండి. ఎండలోంచి తీసి వేడివేడిగా బస్తాలకెత్తడం పెద్ద తప్పు. లోపల ఆవిరి నీరై బూజు పడుతుంది. నీడలో చల్లారనివ్వండి. బస్తాలను చెక్క దిమ్మెల మీద, గోడకు దూరంగా పేర్చండి.

పురుగుకు, గాలి చొరబడని సంచులు బాగా పనిచేస్తాయి. లోపలి పురుగులు ఊపిరి తీసుకుంటూ ఉన్న ఆక్సిజన్‌ను అవే వాడేసుకుంటాయి. అది పడిపోయాక మేత మాని, గుడ్లు పెట్టడం ఆపి చస్తాయి. సంచిలో ధాన్యం పైన మిగిలే గాలిని నొక్కి తీసేసి, మూతిని మెలిపెట్టి, మడిచి గట్టిగా కట్టాలి. మొదటి కొన్ని వారాలు తెరవకూడదు. తెరిచిన ప్రతిసారీ వాటికి మళ్లీ ఊపిరి పోసినట్టే. చిన్న చిల్లు పడ్డా పని చెడుతుంది. తడి ధాన్యాన్ని మాత్రం ఈ సంచుల్లో నింపకండి, బూజు ఖాయం. ఇంట్లో వాడుకునే కిలో రెండు కిలోల పప్పులకైతే, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ తెరవకండి. తెరిస్తే గింజల మీద నీరు చేరుతుంది.

ప్రశ్న: వేడుకల్లో మిగిలిన భోజనాన్ని ఇతరులకు అందించాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తీసుకునేవాళ్లతో ముందురోజే మాట్లాడుకోండి. పదిన్నరకు మిగులు చూసి, పదకొండుకు ఫోన్లు మొదలుపెడితే, అది ఎవరికైనా చేరేలోపు గడువు దాటిపోతుంది. ఫ్రాన్స్‌లో 2016లో తెచ్చిన చట్టం కూడా ఇదే పద్ధతిలో ఉంది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు, అమ్ముడుపోని ఆహారాన్ని తీసుకునే సేవాసంస్థలతో ముందుగానే ఒప్పందం చేసుకోవాలి.

వడ్డన గిన్నెల్లోకి వెళ్లని, వంటపాత్రల్లోనే ఉన్న పదార్థమే ఇవ్వాలి. పళ్లాల్లో మిగిలినది, అతిథులు తామే వడ్డించుకునే బల్ల మీద తెరిచి ఉంచినది ఇవ్వకూడదు. వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో పడి రెండు గంటలు దాటినవాటిని వదులుకోండి. చేతిలో ఒక థర్మామీటరు ఉంటే వాదన ఉండదు. మూత డబ్బాల మీద పదార్థం పేరు, వండిన సమయం, పాలు, గింజలు, గుడ్లు, చేప వంటివి కలిశాయో లేదో రాయండి. తీసుకునేది కూడా మనలాంటి మనుషులే. మన పిల్లలకు పెట్టడానికి జంకేది వాళ్లకు పంపకూడదు.

ప్రశ్న: మేం అంతా కంపోస్టు చేస్తున్నాం. ఇక వృథా లేనట్టే కదా? వాసన మాత్రం వస్తోంది.

జవాబు: చెత్తకుప్పకు పంపడం కన్నా చాలా మంచి పని. కుప్పల అడుగున గాలి అందక కుళ్లే ఆహారం మీథేన్‌ను విడుస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కానీ తినదగ్గ అన్నం ఎరువైతే, దాన్ని పండించిన నీరు, శ్రమ, ఇంధనం తిరిగి రావు. ముందు మిగలకుండా చూడాలి. మిగిలితే మనుషులకు, తర్వాత పశువులకు, ఆ తర్వాతే కంపోస్టుకు. తొక్కలకు, పెంకులకు మాత్రం కంపోస్టే సరైన చోటు.

వాసనకు కారణం పచ్చి చెత్త ఎక్కువ, ఎండు చెత్త తక్కువ కావడం. ఒక గిన్నెడు పచ్చిదానికి రెండు మూడు గిన్నెల ఎండుటాకులు గానీ చింపిన అట్టముక్కలు గానీ కలపండి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధారగా కారితే ఎండుది కలిపి తిరగేయండి. ఏమీ రాకపోతే నీళ్లు చిలకరించండి. ఇంటి స్థాయిలో మాంసం, నూనె, పాల పదార్థాలు వేయకండి.

ప్రశ్న: పోస్టర్లు, ర్యాలీలు చేస్తున్నాం. జనం చప్పట్లు కొడతారు, మారరు. అవగాహన ఎలా కలిగించాలి?

జవాబు: ‘ఆకలితో ఉన్నవారిని తలుచుకోండి’ అంటే వినేవాళ్లకు బాధ కలుగుతుంది. ఇంటికెళ్లాక ఏం చేయాలో తెలియదు. వృథా చెడ్డదని వాళ్లకు ముందే తెలుసు. తెలియనిది తమ ఇంట్లో ఎంత పోతోందో, దేని వల్ల పోతోందో. అందుకే ఒక్క సభలో ఒక్క పనే నేర్పండి. ఫ్రిజ్ చలి కొలవడం, తేదీ లేబుల్ చదవడం, అన్నం పలచగా పరిచి చల్లార్చడం, వీటిలో ఏదో ఒకటి. చెప్పడం పది నిమిషాలు, చేతులతో చేయించడం ఇరవై నిమిషాలు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చి ‘ఇది పారేయాలా, ఉంచాలా?’ అని అడిగితే పావుగంటలో గది అంతా మాట్లాడుతుంది.

దక్షిణ కొరియా 2005లో ఆహార చెత్తను నేరుగా కుప్పల్లో పూడ్చడం నిషేధించింది. 2013 నుంచి పారేసేదాన్ని కొలిచి, దానికి తగ్గట్టు రుసుము వసూలు చేస్తోంది. కొన్నిచోట్ల డబ్బాలే తూకం వేసి చూపిస్తాయి. రుసుము వేసే అధికారం మీకు ఉండదు కానీ, తూకం చూపించడం మీ చేతిలోనే ఉంది. ఇరవై ఇళ్లను ఒప్పించి, పైన చెప్పిన రెండు డబ్బాల పద్ధతిలో ఏడు రోజులు తూయించండి. ఇళ్ల పేర్లు బయటపెట్టకుండా, మనిషికి వచ్చిన సగటును, ఎక్కువగా పోతున్న మూడు పదార్థాలను మాత్రమే తదుపరి సభలో చెప్పండి. ఆ మూడింటికి సంబంధించిన పనులే నేర్పండి.

మూడు నెలల తర్వాత అవే ఇళ్లలో మళ్లీ తూయించండి. మధ్యలో మానేసిన ఇళ్లను మొదటి సగటులోంచి కూడా తీసేసి పోల్చాలి. లేకపోతే తగ్గనిది తగ్గినట్టు కనిపిస్తుంది. కాయల కాలం మారితే తొక్కల బరువు మారుతుంది కాబట్టి, పోల్చేది రెండో డబ్బాను మాత్రమే. సంఖ్య తగ్గకపోయినా ఉన్నదున్నట్టు సభలో చదవండి. ఆ ఇళ్లవాళ్ల కాగితాల్లో ‘ఎందుకు’ గడిని దగ్గర పెట్టుకుని, తర్వాతి సభకు ఏ పని నేర్పాలో వాళ్లతోనే కూర్చుని ఎంచుకోండి.